బురదబొట్టు

ఒక పెద్ద అడవిలో పనులు తక్కువ, పనుల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువ.

ఆ అడవి మధ్యలో ఒక మడుగు ఉండేది. అడవిలో పుట్టిన ప్రతి పిల్లకీ పురుడు రోజున ఆ మడుగులో బురద తీసి నుదుట బొట్టు పెట్టేవాళ్లు. ఎండి రాలిపోతే మళ్లీ పెట్టేవాళ్లు. ఆ బొట్టు ఉన్నవాడు భూమిపుత్రుడు, లేనివాడు ఎక్కణ్ణుంచో ఊడిపడ్డవాడు. బురదన్నాక ఎవరి నుదుటనైనా ఒకేలా అంటుకుంటుందని అందరికీ తెలుసు. అందుకే సంఘం వాళ్లు తప్ప ఇంకెవరూ ఆ బురద ముట్టుకోకూడదని కట్టడి చేశారు.

సంఘం అంటే భూమిపుత్రుల సంఘం. దానికి అధ్యక్షుడు పానకాలు అనే నక్క. ఆయన రోజూ సాయంత్రం పుట్ట మీదికెక్కి ప్రసంగం చేసేవాడు.

"మిత్రులారా! కొండ అవతలి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లు ఒట్టి సోమరిపోతులు. ఒళ్లు వంచి పనిచెయ్యరు. పైగా మన పనులన్నీ వాళ్లే చేసేస్తున్నారు!"

ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగినవాడు లేడు. అడగాలంటే ముందు వినాలి. వాళ్లంతా చప్పట్ల హడావిడిలో ఉండేవాళ్లు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది కోటిలింగం అనే కుందేలు. ఆయనకి ఒక్కగానొక్క కొడుకు. పేరు వరాలు. ఎదిగొచ్చిన కుర్రాడు, పని లేదు. దుంపలు తవ్వితే గోళ్లు పాడవుతాయి, కాయలు మొయ్యడం నామోషీ. "మావాడికి నీడపట్టున చేసే పని కావాలండీ" అని కోటిలింగం కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు. అలాంటి పని దొరక్కపోవడానికి కారణం వలసవాళ్లేనని పానకాలు తేల్చాక ఆయన ప్రాణం తేలికపడింది. కొడుకుని కోప్పడే బాధ తప్పింది.

ఆ ఎండాకాలం చివర్లో కొండ దిగి ఒక ముళ్లపంది వచ్చింది. పేరు ఫూల్మతి. వెనకాల ఇద్దరు పిల్లలు. అవతలి రాష్ట్రంలో వాళ్ల అడవిని గనుల కోసం తవ్విపారేశారు. మొగుడు ఆ తవ్వకాల్లోనే మట్టి కింద పడి చనిపోయాడు. పిల్లలకి ముళ్లింకా గట్టిపడలేదు. వానలు ముంచుకొచ్చేలోగా వాళ్లని దాచుకోవడానికి ఒక బొరియ కావాలి. లేకపోతే పిల్లలు దక్కరు. ఆవిడకి కావలసిందల్లా అదే.

ఆవిడ నేరుగా పానకాలు దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, ఒక బొరియ ఇప్పించండి."

"పని ఉన్నవాళ్లకే బొరియ."

"అయితే పని ఇప్పించండి."

"బొట్టు ఉన్నవాళ్లకే పని."

"అయితే బొట్టే పెట్టండయ్యా."

"బొరియ ఉన్నవాళ్లకే బొట్టు."

ఫూల్మతి వదల్లేదు. "మరి మొట్టమొదట బొట్టు పెట్టించుకున్నాయనకి బొరియ ఎలా వచ్చిందయ్యా?"

పానకాలు చుట్టూ ఉన్నవాళ్లకేసి తిరిగాడు. "చూశారా! వచ్చి కాలి దుమ్మయినా దులుపుకోలేదు, అప్పుడే ఎదురు ప్రశ్నలు."

"వీళ్లంతా ఇంతేనండీ," అని కోటిలింగం అందుకున్నాడు. "అరుగు మీద కూర్చోనిస్తే ఇల్లే మాదంటారు."

ఆవిడకి పని ఇవ్వలేదంటే పని చేయించుకోలేదని కాదు. అడవిపందులు దుంపలు తవ్వించుకున్నాయి. దుప్పులు ముళ్లకంపలు ఏరించుకున్నాయి. బొట్టున్నవాడు పుట్టెడు అడిగే పనికి ఆవిడ చారెడు పెట్టినా చేసేది. కోటిలింగం ఇంట్లో దుంపలూ ఆవిడే తవ్వింది. "చవగ్గా దొరికిందండీ" అని కోటిలింగం భార్య మురిసిపోయింది. సాయంత్రం కాగానే కోటిలింగం వెళ్లి, వలసవాళ్లు మన పనులు లాక్కుంటున్నారని చప్పట్లు కొట్టి వచ్చాడు.

అదే రోజుల్లో కొండ దిగి ఇంకొకరు కూడా వచ్చారు. ఆయన కొండచిలువ. ఆయన దిగడం చాలాసేపు పట్టింది. తల మడుగు పక్కన నల్లరాతి దగ్గరికి చేరేసరికి తోక ఇంకా అవతలి రాష్ట్రంలోనే ఉంది.

ఒక కొండముచ్చు కొమ్మ మీంచి అడిగింది. "ఈయన కూడా వలసేగా?"

"నోర్ముయ్!" అన్నాడు పానకాలు. "ఆయన వలస కాదు, పెట్టుబడి. తల ఎక్కడుంటే అదే సొంతూరు. ఆ తల మన అడవిలో ఉంది. అదీ మన అదృష్టం."

కొండచిలువ దొరగారికి స్వాగతం ఘనంగా జరిగింది. అడవిమల్లెల దండ తెచ్చారు. మెడ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియక తలకే చుట్టేశారు. నల్లరాతి కింద ఉన్న గుహ ఉచితంగా ఇచ్చేశారు. బోలెడు కుటుంబాలు వానాకాలమంతా తలదాచుకోగలిగిన గుహ అది. బొరియ ఉన్నవాళ్లకి అడగాల్సిన పని లేదు, బొట్టు లేనివాళ్లు అడగడానికి వీల్లేదు.

దొరగారు కళ్లు అరమోడ్చి నెమ్మదిగా మాట్లాడాడు. "నాకు ఒళ్లు పట్టేవాళ్లు కావాలి. తేలిక పని. నీడపట్టున. ఒకసారి నా దగ్గర చేరినవాడు మళ్లీ జన్మలో ఇంకో పని వెతుక్కోనక్కర్లేదు."

నీడపట్టున అనే మాట వినగానే కోటిలింగం చెవులు రెండూ నిటారుగా లేచాయి.

"ఉద్యోగాలన్నీ మా పిల్లలకే ఇవ్వాలి! బురదబొట్టు ఉన్నవాళ్లకే!" అని సంఘం కేకలు వేసింది.

"ఇంకెవరికి ఇస్తాను?" అన్నాడు దొరగారు. "నాకు స్థానికులంటే పడి చచ్చేంత ఇష్టం."

మడుగు బురద ముట్టుకుని రెండు పక్షాలూ ప్రమాణం చేశాయి. బొట్టు లేనివాణ్ణి పనిలోకి తీసుకోనని దొరగారు. అడిగినప్పుడల్లా ఒకణ్ణి పంపుతామని సంఘం. పంపకపోతే తనే ఇల్లిల్లూ తిరిగి ఏరుకుంటానని కూడా దొరగారు చివర్లో కలిపాడు. గడప దగ్గరికే ఉద్యోగం వస్తుందని అడవంతా సంబరపడింది.

మొదటి ఉద్యోగం ఎవరికన్నది పెద్ద గొడవయింది. కోటిలింగం పానకాలు ఇంటి చుట్టూ తిరిగాడు. పళ్లు మోశాడు, గుమ్మం ఊడ్చాడు, చివరికి పానకాలు తోక కూడా దువ్విపెట్టాడు. ఉద్యోగం వరాలుకే వచ్చింది. కోటిలింగం భార్య కొడుకు నుదుట బొట్టు కొత్తగా దిద్ది, దిష్టి తీసి పంపింది.

వరాలు మళ్లీ ఇంటికి రాలేదు.

"తీరిక ఉండదండీ," అనేవాడు కోటిలింగం అడిగినవాళ్లతో. "పెద్దవాళ్ల దగ్గర కొలువంటే మాటలా? దొరగారు చూడండి, మావాడు చేరాక ఎంత ఒళ్లు చేశారో!"

నిజమే, దొరగారి నడుము దగ్గర ఒళ్లు బాగా వచ్చింది. కొన్నాళ్లకి అది తగ్గింది. తగ్గగానే ఇంకొకణ్ణి పంపమన్నాడు. ఒక మేకదుప్పి కొడుకు వెళ్లాడు.

"అప్పుడే ఖాళీ ఎలా వచ్చింది?" అని కొండముచ్చు అడిగింది.

"కోటిలింగం కొడుకుకి పై ఉద్యోగం ఇచ్చుంటారు," అన్నాడు పానకాలు. ఆ రోజు కోటిలింగం మెడ ఎత్తుకునే నడిచాడు.

మబ్బులు పట్టసాగాయి. ఫూల్మతి ఇక ఆగలేకపోయింది. అందరూ దొరగారి ముందు చేరి ఉండగా వెళ్లి నిలబడింది.

"నేనూ ఒళ్లు పడతానయ్యా. ఏమీ పెట్టక్కర్లేదు, ఒక మూల పిల్లల్ని ఉండనివ్వండి చాలు."

"ముళ్లతోనా ఒళ్లు పట్టేది!" అని జంతువులన్నీ పడీ పడీ నవ్వాయి.

దొరగారు మాత్రం నవ్వలేదు. అరమోడ్చిన కళ్లు పూర్తిగా తెరిచాడు. తల బారెడు వెనక్కి లాక్కున్నాడు.

"ఎవరావిడ? ఏ రాష్ట్రం?"

"మీ రాష్ట్రమేనండీ."

"అయితే అసలే వద్దు!" అన్నాడు దొరగారు. "పరాయివాళ్లని పెట్టుకుని స్థానికుల నోటి దగ్గర కూడు తీసేసే పాపం నేను చెయ్యను. ఇంకెప్పుడూ ఆవిణ్ణి నా ఛాయలకి రానివ్వకండి."

"ఆహా, ఎంత అభిమానం!" అని అడవి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫూల్మతి పిల్లల్ని తీసుకుని ఒక తుప్ప కిందికి వెళ్లిపోయింది.

ఒకరోజు కోటిలింగం కొడుకుని చూడాలనిపించి లేత గరిక నోట కరుచుకుని నల్లరాతి దగ్గరికి వెళ్లాడు. ఆ పొద్దుటే ఒక దుప్పిపిల్ల కొత్తగా పనిలో చేరింది. వెదురుపొద చాటు నుంచి చూసేసరికి దుప్పిపిల్ల వెనక కాళ్లు రెండూ దొరగారి నోట్లోంచి బయటికి కనిపించాయి. ఆయన ఇంకోసారి గుటక వేశాడు. ఆ కాళ్లు కూడా కనిపించకుండా పోయాయి.

కోటిలింగం నోట్లో గరిక జారిపోయింది. ఏడుపు కూడా రాలేదు. ఎవడో దొంగలా వచ్చి ఎత్తుకుపోయి ఉంటే వాణ్ణి తిట్టుకునేవాడు. ఇది తనే అడిగి, తనే బతిమాలి, నక్క తోక దువ్వి మరీ కొడుకుని తీసుకెళ్లి అప్పజెప్పాడు. ఆ బాధ పగవాడికి కూడా వద్దు.

ఆయన చెప్పింది విని అడవి గడగడలాడింది. సంఘం అత్యవసరంగా సమావేశమయింది.

"ముందు ఈ సంగతి బయటికి పొక్కనివ్వకండి," అన్నాడు పానకాలు. "అడవికి చెడ్డపేరొస్తుంది. తర్వాత రావలసిన కొండచిలువలు రాకుండా పోతాయి."

అలా అన్న పానకాలు కూడా కంగారుగానే ఉన్నాడు. దానికి కారణం వేరే ఉంది. ఈసారి దొరగారు పేరు పెట్టి అడిగాడు. 'అధ్యక్షుడి కొడుకు గవర్రాజు ఇంకా ఖాళీగానే ఉన్నాడట. రేపు పొద్దున్నే పంపండి, లేకపోతే నేనే వస్తాను' అని కబురొచ్చింది.

పానకాలు గొంతు సవరించుకున్నాడు. "మిత్రులారా! ఇన్నాళ్లూ ఈ ఉద్యోగాలన్నీ మనమే అనుభవించాం. వలసవాళ్లకి వాటా ఇవ్వకపోవడం ఎంత అన్యాయమో నాకిప్పుడు తెలిసొచ్చింది. వాళ్లూ మనలాంటి జీవులే కదా!"

"అవునవును! అందరూ సమానమే!" అని అడవి ఏకగ్రీవంగా అరిచింది. ఆ అడవిలో సమానత్వానికి అంత గట్టిగా చప్పట్లు ఎప్పుడూ మోగలేదు.

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. పానకాలు దోసెడు బురద తీసుకుని తుప్ప దగ్గరికి పరిగెత్తాడు.

"చెల్లెమ్మా! పూలమ్మా! నువ్వు మా ఇంటి ఆడపడుచువి. ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదే నాకు!" అంటూ ఫూల్మతి నుదుట బొట్టు పెట్టాడు. కంగారులో చెంపలకీ పూసేశాడు. "పనీ ఇచ్చాం, బొరియా ఇచ్చాం. రేపు పొద్దున్నే దొరగారి దగ్గర చేరిపో."

ఆయన వెళ్లగానే తుప్ప పక్క నుంచి కోటిలింగం వచ్చాడు. తల ఎత్తలేకపోతున్నాడు.

"వెళ్లకమ్మా. అది పని కాదు. మా వరాలుని మింగేశాడు. నిన్ను కూడా మింగిద్దామనే ఆ బొట్టు." అప్పుడు వచ్చింది ఆయనకి ఏడుపు.

ఫూల్మతి ఆయన పక్కన కూర్చుంది. "మీ అబ్బాయి మంచివాడన్నా. నేను మీ ఇంట్లో దుంపలు తవ్వేటప్పుడు మంచినీళ్లు తెచ్చిచ్చేవాడు." తర్వాత మెల్లగా అంది. "వాడు పని ఇవ్వనన్నరోజే నాకు అనుమానం వచ్చింది. మా అడవిలో వాడి అన్న మా అత్తని మింగాడు. ముళ్లు గొంతుకి అడ్డంపడి వాడూ చచ్చాడు. ఇది చూసినవాడు కాబట్టే నా మొహం చూడగానే వాడికి స్థానికులు గుర్తొచ్చారు."

"అయితే నిన్ను ఏమీ చెయ్యడా?"

"ఆకలి ముదిరితే చేస్తాడేమో. చేస్తే ఇద్దరం పోతాం." ఆవిడ నిద్రపోతున్న పిల్లలకేసి చూసింది. "భయంగానే ఉందన్నా. కానీ వాన వచ్చేస్తోంది. నాకు ఇంకో దారి లేదు. పిల్లల్ని చూస్తూ ఉంటావా?"

కోటిలింగం తలూపాడు.

తెల్లారింది. పానకాలు ఫూల్మతిని వెంటబెట్టుకుని నల్లరాతి దగ్గరికి వచ్చాడు. అడవంతా దూరంగా నిలబడి చూస్తోంది. గవర్రాజు తండ్రి వెనకాల నక్కి ఉన్నాడు.

దొరగారు ముళ్లు చూడగానే బుస కొట్టాడు. "ఇదేమిటి పానకాలూ? వలసవాళ్లని తెస్తావా? ప్రమాణం మరిచిపోయావా?"

"బొట్టు పెట్టామండీ. ఇప్పుడు ఈవిడా భూమిపుత్రికే."

"సరే, బొట్టుంది. కానీ బొట్టున్నవాళ్లు ఇంతమంది ఉండగా ఈవిడే ఎందుకు? నాకు నీ కొడుకు కావాలి. లేత వయసు, పని బాగా నేర్చుకుంటాడు. రా నాయనా గవర్రాజూ!"

పానకాలు వెంటనే కొడుకు మెడ పట్టుకుని మడుగులోకి దూకాడు. వాడి నుదురు కడిగాడు, తన నుదురు కడుక్కున్నాడు.

"మేం ఇక్కడివాళ్లమే కాదండీ!" అని నీళ్లలోంచి అరిచాడు. "మా ముత్తాత ఏరు దాటి వచ్చాడు! మేము పచ్చి వలసవాళ్లం! మాకు ఉద్యోగం ఇవ్వకూడదు!"

అడవికి దారి దొరికింది. అందరూ గభాలున మడుగులోకి దూకారు.

"మాది సముద్రం పక్కనండీ!" అంది అడవిపంది.

"మాదసలు అడవే కాదు, ఊరి పక్క చింతతోపు!" అంది కొండముచ్చు.

"మా వాళ్లది ఎక్కడో నాకే తెలియదు. ఎంత దూరమో మీరే ఆలోచించుకోండి!" అంది దుప్పి.

మడుగులో ఉండే ముసలి తాబేలు ఒళ్లంతా బురదే. ఎంత కడిగినా పోలేదు. తల లోపలికి లాక్కుని, "ఇంట్లో ఎవరూ లేరు" అంది.

నీళ్లు కలక తేరేసరికి అడవి మొత్తంలో బురదబొట్టుతో ఎదురుగా నిలబడ్డ ప్రాణి ఒక్క ఫూల్మతే.

"మిగిలినదాన్ని నేనేనండీ," అంది ఆవిడ. "పనిలో చేరమంటారా?"

ముళ్లన్నీ నిక్కబొడుచుకుని, వెనక్కి తిరిగి, వెనకడుగులు వేస్తూ దొరగారి మీదికి నడిచింది. ముళ్లపందులు కొట్లాటకి అలాగే వెళతాయి. దొరగారు తల పక్కకి తిప్పాడు. ఆవిడా అటు తిరిగింది. ఇంట్లో కూర్చుని ఉద్యోగుల మీద బతకడం మరిగాక ఆయన వేటాడడం ఎప్పుడో మరిచిపోయాడు. ఇల్లిల్లూ తిరిగి ఏరుకుందామన్నా ఈ ముళ్లని దాటి వెళ్లాలి.

"నా ఒళ్లు నొప్పులు తగ్గిపోయాయి," అన్నాడు. "మా రాష్ట్రంలో అర్జెంటు పని కూడా ఉంది."

తోక ఎలాగూ ముందే అక్కడ ఉంది. తలని దాని దగ్గరికి లాక్కోవడానికి మాత్రం, వచ్చినప్పటంత సేపు పట్టలేదు.

ఆ సాయంత్రమే వాన మొదలయింది. ఫూల్మతి ఎవరినీ అడక్కుండా పిల్లల్ని తీసుకుని నల్లరాతి గుహలోకి వెళ్లిపోయింది. కోటిలింగం గుమ్మానికి అడ్డంగా ఆకులు పేర్చిపెట్టాడు.

వాన వెలిశాక సంఘం మళ్లీ సమావేశమయింది. అందరి నుదుటా కొత్త బొట్లు, ఇంకా తడి కూడా ఆరలేదు. పానకాలు పుట్ట ఎక్కాడు.

"మిత్రులారా! అంత పెద్ద కొండచిలువగారు మన అడవిని వదిలి వెళ్లిపోయారు. మన పిల్లల ఉద్యోగాలన్నీ పోయాయి. దీనికి కారణం ఎవరు?"

"ఆ వలస ముళ్లపంది!" అని అడవి అరిచింది. చప్పట్లలో మేకదుప్పి చప్పట్లూ ఉన్నాయి. కొడుకు పోయిన మేకదుప్పి అది.

ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, ఆవిడకి పెట్టిన బొట్టు చెల్లదని తీర్మానం చేశారు. గుహ ఖాళీ చేయించాలని కూడా చేశారు. ఖాళీ చేయించడానికి లోపలికి ఎవరు వెళ్లాలన్న దగ్గర మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దానికి ఉపసంఘం వేశారు.

చప్పట్లు కొట్టనివాడు ఒక్క కోటిలింగమే. ఆయన నుదుట బొట్టు లేదు. వరాలు సంగతి తెలిశాక కడుక్కున్నవాడు మళ్లీ పెట్టుకోలేదు.

"ఏమయ్యా, నువ్వు స్థానికుడివి కావా?" అని పానకాలు నిలదీశాడు.

"నా కొడుకు స్థానికుడండీ," అన్నాడు కోటిలింగం. లేచి గుహ వైపు వెళ్లిపోయాడు.

నీతి: మనల్ని మింగేవాణ్ణి నీది ఏ ఊరని అడగడం మర్యాద కాదు, మనల్ని బతికించినవాళ్లని మాత్రం అడక్కుండా వదలకూడదు.